అక్షరమునకు అందమెంత, అక్కర ఎంత?

మన ఇండ్లలో ప్రతి దినము చేతికి తగిలే వస్తువు ఒకటున్నది. తెలుగువారి ఇంట దానిని చెంబు అంటారు. ఉర్దూ మాట్లాడేవారి ఇంట లోటా అంటారు. పేరు మారినను రూపము దాదాపు ఒకటే. పొట్ట గుండ్రము, మెడ సన్నము, అంచు వెలుపలికి కొద్దిగా విచ్చుకొని ఉంటుంది. చూచుటకు ఎంతో ముచ్చటైన వస్తువు. కాని దానిని తయారుచేసిన కంచరి మనలను మురిపించుటకు మాత్రమే ఆ వంపులు తిప్పలేదు. మెడ సన్నగా ఉన్నది, తడి చేతి వ్రేళ్ళకు పట్టు దొరకుటకు. అంచు విచ్చుకొన్నది, నీరు చెంబు ఒంటి మీదుగా కారక ధారగా పడుటకు. లోపల మూలలు లేవు, చింతపండుతో తోమినప్పుడు మకిలి నిలువకుండుటకు. ఏ వంపు మన కంటికి అందముగా తోచునో, ఆ వంపే చేతికి ఉపకారము చేస్తున్నది.

1958లో భారత ప్రభుత్వము కోరగా అమెరికా దేశపు రూపశిల్పులు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు మన దేశమునంతటిని తిరిగి చూచి ఒక నివేదిక సమర్పించినారు. 1961లో అహమ్మదాబాదులో జాతీయ రూపకల్పన సంస్థ ఏర్పడుటకు ఆ నివేదికయే పునాది. రాజభవనములు, దేవాలయములు, మసీదులు ఇన్ని ఉన్న ఈ దేశములో ఆ దంపతులు మెచ్చి ప్రత్యేకముగా ప్రస్తావించిన వస్తువు మన చెంబే. అందులో పట్టే నీరెంత, ఎత్తుకొన్నప్పుడు దాని తూకము ఎటు మొగ్గును, వంచినప్పుడు ధార ఎట్లు పడును, కడుగుట సులభమా, వెల ఎంత — ఇట్టి ప్రశ్నలన్నింటికి ఒకే రూపములో సమాధానము చెప్పిన వస్తువని వారు గ్రహించినారు. దానిని ఒక మేధావి ఒక దినమున కనిపెట్టలేదు. తరతరముల చేతులు దానిని దిద్దినవి.

చెంబును గూర్చి ఇంత చెప్పుట ఎందుకని పాఠకులు అడుగవచ్చును. ఈ సంవత్సరము మన సంచిక సిద్ధమగుచుండగా సంపాదక సమావేశములో ఒక వాదన జరిగినది. మన సంచికను కుడి వైపు నుండి తెరచినచో ఉర్దూ, ఎడమ వైపు నుండి తెరచినచో తెలుగు. రెండు వైపుల వారికిని అక్షరముల రూపమును గూర్చియే పేచీ వచ్చినది. తెలుగు విభాగపు విద్యార్థులు కొందరు శీర్షికలనే గాక వ్యాసములను కూడ తీగలు సాగిన అలంకార లిపిలో వేయవలెనన్నారు. సంచిక కంటికి ఇంపుగా ఉంటుందని వారి ఆశ. ఉర్దూ విభాగములో దీనికి విరుద్ధముగా ఒక సూచన వచ్చినది. నస్తాలీఖ్ లిపి చోటు ఎక్కువ తీసుకొంటుంది, పుటలు పెరుగుతాయి, కనుక ఈసారి నస్ఖ్ లిపిలో వేసి ఖర్చు తగ్గించవలెనని. ఒక వైపు అందము కొరకు ఉపయోగమును త్యజించు ఆలోచన. మరొక వైపు ఉపయోగము కొరకు అందమును త్యజించు ఆలోచన. మా అభిప్రాయములో ఈ రెండును ఒకే పొరపాటునకు రెండు ముఖములు. ఎందుచేత ఇట్లనుచున్నామో విన్నవించుకొనుటకే ఈ వ్యాసము.

మొదట మా తప్పు ఒకటి ఒప్పుకొనవలసి ఉన్నది.

మేము డిగ్రీ చదువుచున్న దినములలో మా చేతివ్రాతకు మంచి పేరుండెడిది. గోడపత్రిక వ్రాసినను, సభలకు బానరు వ్రాసినను మమ్ములనే పిలిచేవారు. ఒకసారి ఉపకార వేతనముల దరఖాస్తులను గూర్చిన ప్రకటనను చార్టు మీద వ్రాయుమని కార్యాలయమువారు మాకు అప్పగించినారు. మేము రెండు సాయంకాలములు కూర్చుండి, నాలుగు రంగుల సిరాతో, అంచున లతలు అల్లి, ప్రతి అక్షరమునకు ఒక మెలిక చేర్చి దానిని వ్రాసినాము. చివరి తేదీ 11. రెండవ ఒకటి అంకె ఒంటరిగా వెలవెలపోవుచున్నట్లు తోచి, దాని తలమీద తలపాగా వంటి వంపు ఒకటి పెట్టినాము. ప్రకటన చూచినవారందరు మెచ్చుకొన్నారు. అధ్యాపకులొకరు మా భుజము తట్టినారు కూడ.

మా తరగతి మిత్రుడొకడు, కుట్టుపని చేసుకొను తండ్రి కొడుకు, దరఖాస్తు నింపుకొని 17వ తేదీ ఉదయమున వచ్చినాడు. గడువు ముగిసి ఆరు దినములైనది. గుమాస్తా తిప్పి పంపినాడు. అతడు మమ్ములను ఆ చార్టు వద్దకు తీసుకొనిపోయి, కోపము లేకుండ, కేవలము తెలిసికొనగోరినట్లు అడిగినాడు: “ఏం భాయ్, ఇది పదిహేడు కాదా?” మేము చూచినాము. మా కంటికి అది ఒకటియే. ఏలయన దానిని వ్రాసినది మేము. తెలియనివాని కంటికి అది ఏడే. ఆ సంవత్సరము అతడు సాయంకాలములు ఒక సైకిలు దుకాణములో పనిచేసి ఫీజు కట్టుకొన్నాడు. మధ్యాహ్నపు తరగతులు ఎన్నో పోగొట్టుకొన్నాడు. అతడు మమ్ములను ఒక్క మాట అనలేదు. అననందుననే ఆ అంకె నేటికిని మా కన్నుల ముందు నిలిచి ఉన్నది.

ఆ దినము మాకు తెలిసినదేమనగా, వ్రాసినవాడు తన వ్రాతకు న్యాయమూర్తి కాలేడు. తాను వ్రాసినదేమో ముందే తెలిసినవాడు దానిని చదువడు, గుర్తుకు తెచ్చుకొంటాడు. చదువువాడు వేరు. అతడు దూరమున నిలిచి, వెలుతురు చాలని చోట, తొందరలో, కొన్నిసార్లు చెమర్చిన కన్నులతో చూస్తాడు. అక్షరము వాని కొరకు పుట్టినది.

మన రెండు లిపులును ఎంత సున్నితమైనవో ఒక్కసారి ఆలోచించుదము. తెలుగులో ‘వ’కును ‘ప’కును మధ్యనున్న భేదము తలకట్టు అంటుకొన్నదా, విడిగా నిలిచినదా అన్నంత మాత్రమే. ఆ చిన్న ఎడము చెరిగినచో ‘వాడు’ కాస్త ‘పాడు’ అగును. ‘అర్థము’ అనగా భావము. ‘అర్ధము’ అనగా సగము. రెండింటికి నడుమ ఉన్నది ఒక్క చుక్క. ఆ చుక్కను అలంకారములో కలిపివేసినచో భావము సగమైపోవును! ‘ద’కు ‘ధ’కు మధ్య నిలిచినది క్రింది చిన్న గీత ఒకటే. ఆ గీత పూలతీగలో కలిసిపోయినచో చదువువాడు ఊహ మీద ఆధారపడవలసినదే.

ఉర్దూ సంగతి ఇంకను సున్నితము. బే, పే, తే, సే — ఈ అక్షరములన్నింటికి శరీరము ఒకటే. చుక్కలెన్ని, అవి పైనా క్రిందనా అన్నదే వాటి గుర్తింపు. ఐన్ అక్షరము మీద ఒక నుక్తా పడినచో గైన్ అగును. ‘దుఆ’ అను మాట ‘దగా’ అగును. చుక్క పైనుండి క్రిందికి జారినచో ‘ఖుదా’ కాస్త ‘జుదా’ అగును. ఈ చమత్కారమును మన పెద్దలు ముషాయిరాలలో ఎన్నో విధముల చెప్పి నవ్వించినారు. కాని ప్రశ్నపత్రములోనో, మందుచీటీలోనో, దరఖాస్తులోనో చుక్క జారినప్పుడు అది నవ్వులాట కాదు.

అట్లయిన అలంకారమును పూర్తిగా విడిచి, బోడి అక్షరములతో సరిపెట్టుకొందమా? ఖర్చు తగ్గించుట కొరకు నస్ఖ్‌లో వేయుదమన్న మిత్రుల వాదము ఇంచుమించు ఇదే. దీనికి చరిత్రయే చక్కని సమాధానము చెప్పుచున్నది.

నస్తాలీఖ్ ఇరాను దేశములో 14, 15 శతాబ్దములలో రూపు దిద్దుకొన్న లిపి. దాని సొగసు ఎక్కడ ఉన్నదో గమనించుడు. నస్ఖ్‌లో అక్షరములు ఒక సరళరేఖ మీద వరుసగా కూర్చుంటాయి. నస్తాలీఖ్‌లో ప్రతి పదము కుడివైపు ఎత్తున మొదలై ఎడమవైపు క్రిందికి వాలుతూ జాలువారుతుంది. ఒకే అక్షరము తన ప్రక్కనున్న అక్షరమును బట్టి రూపము మార్చుకొంటుంది. చేతితో వ్రాయు కాతిబుకు ఇది సహజము. సీసపు అచ్చులు పోయు కార్మికునకు ఇది తలనొప్పి. కలకత్తా నగరములో ఫోర్ట్ విలియం కళాశాల 1800లో వెలసిన పిమ్మట ఉర్దూ గ్రంథములు పోత అచ్చులతో ముద్రింపబడినవి. చదువుటకు వీలు లేనివి కావు అవి. అయినను ఉర్దూ పాఠకుని మనసు ఆ అచ్చును తనదిగా స్వీకరింపలేదు.

జర్మనీ దేశములో 1790ల చివర సెనెఫెల్డర్ కనిపెట్టిన శిలాముద్రణ మన దేశమునకు వచ్చినప్పుడు ఉర్దూవారు దానిని రెండు చేతులతో ఆహ్వానించినారు. కాతిబు పూత కాగితము మీద ప్రత్యేకమైన సిరాతో వ్రాసిన వ్రాతను రాతి మీదికి దించి, ఉన్నదున్నట్లుగా అచ్చు తీయవచ్చును. 1858లో లక్నో నగరమున స్థాపింపబడిన నవల్ కిషోర్ ముద్రణాలయము ఈ పద్ధతి మీదనే వేలకొలది గ్రంథములను చవుకగా ఇంటింటికి చేర్చినది. మద్రాసులో 1927లో మొదలైన ‘ముసల్మాన్’ దినపత్రిక దశాబ్దముల పాటు చేతివ్రాతతోనే వెలువడినది. యంత్రమునకు లొంగలేదని లిపిని వంచలేదు. లిపికి తగిన యంత్రమును వెదకినారు. ఇందులో మొండితనము లేదా? కొంత ఉన్నది. కాని ఆ మొండితనము వెనుక ఒక సత్యము కూడ ఉన్నది. చదువుటకు అలవాటుపడిన కంటికి పదము మొత్తముగా ఒక బొమ్మవలె కనిపిస్తుంది. ఆ బొమ్మ చెరిగినచో అక్షరములన్నియు ఉన్నను చదువు కుంటుపడును. కనుక కంటి అలవాటు కూడ ఉపయోగములో ఒక భాగమే గాని దానికి వెలుపలిది కాదు.

ఈ చిక్కును విప్పినది 1980వ దశకపు ఆరంభము. పాకిస్తానులో మీర్జా అహ్మద్ జమీల్ అను లిపికారుడు పదునెనిమిది వేలకు పైగా అక్షర సంపుటులను స్వయముగా వ్రాసి, మోనోటైపు సంస్థ యంత్రమునకు అందించినారు. తన తండ్రి పేరు మీదుగా దానికి నూరీ నస్తాలీఖ్ అని పేరు పెట్టినారు. 1981లో లాహోరు నుండి వెలువడిన ‘జంగ్’ పత్రిక ఈ లిపిలో అచ్చైనది. 1994లో ఢిల్లీ నుండి ఇన్‌పేజ్ అను సాధనము వచ్చి, సాధారణ కంప్యూటరు మీద నస్తాలీఖ్ కూర్చుటకు వీలు కల్పించినది. 2014లో గూగుల్ సంస్థ నోటో నస్తాలీఖ్ ఉర్దూ అను ఖతిని ఉచితముగా విడుదల చేసినది. అందము, అక్కర రెండింటిలో ఒకదానిని వదలుకొనుటకు ఒప్పుకొనని కొందరి పట్టుదల వలన ఇవన్నియు సాధ్యమైనవి. ‘చోటు చాలదు, ఖర్చు ఎక్కువ’ అని వారు మొదటి దినముననే నస్ఖ్‌తో సరిపెట్టుకొని ఉన్నచో నేడు మన సమావేశములో వాదనయే ఉండెడిది కాదు.

తెలుగు అక్షరము కూడ ఇట్టి పరీక్షలనే దాటి వచ్చినది. జర్మనీలోని హాలె నగరములో 1746 ప్రాంతమున బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకములను అచ్చు వేయించినాడు. అప్పటినుండి రెండు శతాబ్దములకు పైగా మన ముద్రాపకులను వేధించిన సమస్య గుణింతములు, ఒత్తులు. అక్షరము నెత్తిన గుడి, క్రింద ఒత్తు, ప్రక్కన కొమ్ము — మూడు అంతస్తుల ఇల్లు వంటిది మన లిపి. పంక్తుల నడుమ ఎడము తగ్గించినచో పై పంక్తి ఒత్తులు క్రింది పంక్తి గుడులను తన్నుకొంటాయి. ఎడము పెంచినచో కాగితము ఖర్చు. మంచి ముద్రాపకుడెవరనగా ఈ రెండింటికి మధ్యనున్న మేరను గుర్తెరిగినవాడు. పాత పుస్తకములను తీసి చూడుడు. కన్ను అలసిపోకుండ నూరు పుటలు చదివించు పుస్తకములో ఆ మేర మనకు కనిపించదు. కనిపించకుండ పనిచేయుటయే దాని గొప్పదనము.

అలంకారము కూడ పాఠకునకు ఉపకారము చేయగలదని తెలుగునాట నిరూపించినవారు బాపు (1933–2014). పుస్తకముల అట్టల మీద, పత్రికల శీర్షికలలో, చలనచిత్రముల పేర్లలో ఆయన అక్షరములు నాట్యమాడినవి. కాని ఎంత ఆడినను ‘వ’ ఎన్నడును ‘ప’గా మారలేదు. కుంచె ఎక్కడ లావు కావలెనో, ఎక్కడ సన్నము కావలెనో ఆయనకు తెలియును. అక్షరమునకు ప్రాణమైన గీతను వదలి, ప్రాణము లేని చోట మాత్రమే విలాసము చేసెడివారు. తరువాత ఆయన చేతివ్రాతను అనుసరించి కంప్యూటరు ఖతులు కూడ వచ్చినవి. విచారింపదగినదేమనగా, ఆయన శీర్షికకు వ్రాసిన రీతిని నేడు కొందరు నాలుగు పుటల వ్యాసమంతటికి వాడుచున్నారు. పెండ్లి బట్టలు కట్టుకొని పొలమునకు పోయినట్లుగా ఉంటుంది అది. తప్పు బట్టలదీ కాదు, పొలముదీ కాదు.

ఇక నేటి కాలములో ఈ సమస్య మరొక రూపము ధరించినది. అందమైన తెలుగు ఖతులు అనేకము యూనికోడ్ పద్ధతికి ముందు తయారైనవి. వాటితో కూర్చిన పుట కాగితము మీద సొగసుగా ఉంటుంది. కాని ఆ పాఠమును మరొక యంత్రము మీదికి పంపినచో పిచ్చి గీతలు తప్ప మరేమియు కనబడవు. పాత ఇన్‌పేజ్‌లో కూర్చిన ఉర్దూ పాఠమునకును ఇదే గతి. వెదకుదమన్న ఒక మాట దొరకదు. మరింత ముఖ్యమైన మాట: చూపు లేని విద్యార్థులు తమ చరవాణి చేత పాఠమును బిగ్గరగా చదివించుకొని వింటారు. అట్టి యంత్రమునకు యూనికోడ్ కాని పాఠము అర్థము కాదు. మన కంటికి అందముగా ఉన్న పుట వారి చెవికి నిశ్శబ్దము. తెలుగునకు యూనికోడ్‌లో 1991లోనే స్థానము లభించినది. కృష్ణరాయల కొలువులోని కవుల పేర్లతో సహా ఎన్నో అందమైన తెలుగు యూనికోడ్ ఖతులు నేడు ఉచితముగా దొరుకుచున్నవి. కనుక ఇప్పుడు అందము కొరకు వీరిని వెలుపల నిలుపవలసిన అగత్యము లేదు.

అందమునకు దూరమై, ఉపయోగమునకును దూరమైన మూడవ రకము కూడ ఒకటున్నది. తెలంగాణలో 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికిని రెండవ అధికార భాషగా గుర్తించినారు. సంతోషము. ఆ తరువాత అక్కడక్కడ నామఫలకముల మీద ఉర్దూ కనబడుచున్నది. కాని దగ్గరకు పోయి చూచినచో కొన్నింటి మీద అక్షరములు ఒకదానితో ఒకటి కలియక, విడివిడిగా, ఎడమనుండి కుడికి తిరుగబడి ఉంటాయి. తెలుగులో ‘క’ వ్రాసి కొమ్మును రెండంగుళముల దూరమున వ్రాసినట్లుండును. ఫలకమున్నది, రంగున్నది, లెక్కలోకి చేరినది; చదువుటకు మాత్రము వీలులేదు. వ్రాయించినవారు ఉర్దూ తెలిసిన ఒక్కరికైన చూపి ఉన్నచో ఈ దుస్థితి తప్పెడిది. చూపుటకు కావలసినది ధనము కాదు, తలంపు మాత్రమే.

ఇక్కడ మా విద్యార్థులు ఒక ఆక్షేపణ తెలుపవచ్చును: “సార్, కళను కళగా ఉండనివ్వరా? చదువుటకు కష్టమైన వ్రాత అంతయు నిషిద్ధమేనా?” మంచి ప్రశ్న. గోల్కొండ సమీపమున కుతుబ్‌షాహీ సుల్తానుల సమాధులను చూచినవారు అక్కడి అరబ్బీ శిలాక్షరములను చూచియే ఉంటారు. అక్షరము మీద అక్షరము ఎక్కి, అల్లుకొని, అంతయు ఒక తోటవలె కనిపిస్తుంది. అరబ్బీ నేర్చినవారు కూడ నిదానించి చదువవలసినదే. అది అక్కడ తప్పు కాదు. అక్కడికి వచ్చువారికి తొందర లేదు. వారిలో చాలమందికి ఆ పవిత్ర వాక్యములు ముందే కంఠస్థములు. ఆ వ్రాతకు పని సమాచారము తెలుపుట కాదు, మనసును నిలుపుట. తన పనిని అది సంపూర్ణముగా చేయుచున్నది.

అదే కుతుబ్‌షాహీల పాలనలో భూములకు, ఇనాములకు సంబంధించిన ఫర్మానాలు కొన్ని పారసీకముతో పాటు తెలుగులో కూడ వ్రాయబడినవి. పారసీకము దర్బారు భాష, గౌరవమైన భాష. కాని ఆ ఆజ్ఞను అమలుపరుపవలసిన గ్రామ కరణమునకు తెలుగు కావలెను. సమాధి మీద ఏ వ్రాత తగునో, కాగితము మీద ఏ వ్రాత తగునో ఆ పాలకులకు వేరువేరుగా తెలియును. ఒకే రాజ్యము, ఒకే కాలము. పాఠకుడు మారినాడు, వ్రాత మారినది. మేము చెప్పదలచిన సారమంతయు ఇంతే. అందమునకు అరపాలు, అక్కరకు అరపాలు అని తక్కెడలో తూచి పంచుట సమతౌల్యము కాదు. ఈ వ్రాత ఎవరి కొరకు, ఎచ్చట, ఏ పని మీద అని మొదట అడుగవలెను. సమాధానము తెలిసినచో అందమునకు తన చోటు తానే దొరకును.

ఈ మాటను ఆచరణలో పెట్టుటకు పాలకవర్గమువారికిని, సంపాదక వర్గమునకును కొన్ని సూచనలు వినయపూర్వకముగా సమర్పిస్తున్నాము.

ఒకటి. ఉర్దూ విభాగము నస్తాలీఖ్‌లోనే వెలువడవలెను. పుటలు పెరుగును, నిజమే. కాని చోటు కలిసి వచ్చునని పాఠకులు చదువక ప్రక్కనబెట్టు పుటలను అచ్చు వేసినచో అదియే అసలైన దుబారా. ఖర్చు తగ్గింపవలసి వచ్చినచో రంగుల ఛాయాచిత్రముల పుటలను తగ్గింతము.

రెండు. తెలుగు వ్యాసములు సాదా అక్షరములలో, పంక్తుల నడుమ తగినంత ఎడముతో ఉండవలెను. అలంకార లిపికి ముఖపత్రమున్నది, శీర్షికలున్నవి. అక్కడ మన విద్యార్థులు తమ ప్రతిభను ఎంతైన చూపవచ్చును. అయితే కళాశాల పేరును క్రొత్తవాడు మొదటి చూపులోనే చదువగలగవలెను.

మూడు. రెండు విభాగములును యూనికోడ్‌లో కూర్పబడి, అచ్చు ప్రతితో పాటు పాఠప్రతి కూడ గ్రంథాలయములో భద్రపరుపబడవలెను. పది సంవత్సరముల తరువాత ఒక విద్యార్థి తన సీనియరు వ్రాసిన వ్యాసమును వెదకినచో దొరకవలెను. చూపు లేని విద్యార్థి దానిని వినగలగవలెను.

నాలుగు. ప్రకటన ఫలకము మీద పెట్టు ప్రతి ప్రకటనను, ముఖ్యముగా తేదీలు, ఫీజులు గల ప్రకటనను, దానిని వ్రాయనివారు ఒకరు ఐదడుగుల దూరమున నిలిచి బిగ్గరగా చదువవలెను. ఆ చదువరి మొదటి సంవత్సరపు విద్యార్థియైన మంచిది. మన వాచ్‌మన్ గారైన ఇంకను మంచిది. తేదీని అంకెలలోను అక్షరములలోను రెండు విధముల వ్రాయవలెను.

ఈ సూచనలలో ఏ ఒక్కటియు కళకు అడ్డుపడదని మా విశ్వాసము. విద్యార్థులలో చేయి తిరిగిన వ్రాతగాండ్రు, చిత్రకారులు ఎందరో ఉన్నారు. వారి ఉత్సాహమును చల్లార్చుట మా ఉద్దేశము కాదు. ఆ ఉత్సాహము మాకును ఉండెడిది, నేటికిని ఉన్నది. వారికి మేము కోరునది ఒక్కటే. కలము చేతపట్టునప్పుడు ఎదుట ఒక మనిషిని ఊహించుకొనుడు. అతనికి మీ ప్రతిభతో పని లేదు. అతనికి ఒక తేదీ కావలెను, ఒక దారి కావలెను, ఒక కబురు కావలెను. అది అతనికి అందిన తరువాత, ‘ఎంత చక్కగా వ్రాసినారు!’ అని అతడు ఒక్క క్షణము నిలిచి చూచినచో ఆ మెప్పు నిజమైనది. అది అందకముందు వచ్చిన మెప్పు మా భుజము మీద పడిన తట్టు వంటిది. దాని ఖర్చు వేరొకడు చెల్లించినాడు.

చెంబును చేసిన కంచరి పేరు ఎవరికిని తెలియదు. దప్పికగొన్నవాడు దానిని ఎత్తినప్పుడు దాని అందమును గూర్చి ఆలోచింపడు కూడ. నీరు ధారగా పడును, దప్పిక తీరును, చెంబు తిరిగి తన చోట కూర్చుండును. మన అక్షరము కూడ అట్లే ఉండవలెనని మా కోరిక. మా మిత్రుడు ఇప్పుడు ఒక ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడు. అతడు నల్లబల్ల మీద ఒకటి అంకెను నిటారుగా, ఒక్క గీతగా వ్రాస్తాడు. మేమును ఇప్పుడు అట్లే వ్రాస్తున్నాము.